బుడాపెస్ట్ సేచెని వేడినీళ్ల కొలనులు: డిసెంబర్‌లో అమ్మానాన్నలు, తొమ్మిదేళ్ల పాపతో వెళ్లొచ్చా?

మానేరు:
అందరికీ నమస్తే. డిసెంబర్ మూడో వారంలో మ్యూనిక్ నుంచి వియన్నా, అక్కణ్నుంచి బుడాపెస్ట్ వెళ్తున్నాం. బుడాపెస్ట్‌లో మూడు రోజులు ఉంటాం. మొత్తం ఐదుగురం: నేను, మా ఆవిడ, పాప (9 ఏళ్లు), అమ్మ (60), నాన్న (66). పసుపురంగు భవనం మధ్యలో పొగలు కక్కే నీళ్లు, అందులో నిలబడి చదరంగం ఆడే ముసలాళ్లు ఉన్న ఫొటో చూసినప్పట్నుంచి నాన్న సేచెని సేచెని అంటున్నారు.

నా సందేహాలు ఇవీ. నాన్నకు బీపీ, షుగర్ ఉన్నాయి. బీపీకి మాత్రలు, షుగర్‌కు పొద్దున ఇన్సులిన్. అంత వేడినీళ్లలో దిగొచ్చా? అమ్మ స్విమ్‌సూట్ ససేమిరా వేసుకోదు, పంజాబీ డ్రెస్‌తో దిగనిస్తారా? టికెట్లలో లాకర్ అని ఒకటి, క్యాబిన్ అని ఒకటి ఉన్నాయి, ఏది తీసుకోవాలి? మంచు పడితే బయటి కొలనులు మూసేస్తారా? పాపకు ఈత బాగానే వచ్చు, కాబట్టి తనతో ఇబ్బంది లేదనుకుంటున్నా.

బందరురోడ్డు:
మీరు ఇబ్బంది లేదనుకున్న చోటే అసలు ఇబ్బంది ఉందండి. 2022 ఆగస్టు నుంచి 14 ఏళ్లలోపు పిల్లల్ని సేచెనిలోకి రానివ్వడం లేదు. తల్లిదండ్రులు పక్కనున్నా, ఈత వచ్చినా లెక్కలోకి రాదు. వీడియోల్లో పిల్లలు కనిపిస్తారు, అవన్నీ అంతకుముందు తీసినవి. ఈ ఒక్క ముక్క చూసుకోక ఐదు టికెట్లూ కొనేసి, గేటు దాకా వెళ్లి, అక్కడ ఎవరు ఆగిపోవాలో తేల్చుకోలేక తంటాలు పడకండి.

ఆ నియమం ఊరికే పెట్టింది కాదు. ఇది మామూలు ఈతకొలను నీళ్లు కాదు, నేలలోంచి వచ్చే ఖనిజాల నీళ్లు. ఇంజనీరు విల్మోష్ జిగ్మొండి 1868 నుంచి 1878 దాకా పదేళ్లు తవ్వించిన బోరు 970 మీటర్ల లోతు పోయింది, నీళ్లు 74 డిగ్రీల వేడితో వచ్చాయి. 1938లో పూర్తయిన రెండో బోరు 1,246 మీటర్లు, అక్కడ వేడి 77 డిగ్రీలు. ఆ నీళ్లను చల్లార్చి కొలనుల్లోకి వదులుతారు. పిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా త్వరగా వేడెక్కుతుంది, చల్లబరుచుకునే శక్తి తక్కువ. పైగా వాళ్లు మనలా పదిహేను నిమిషాలకు లేచి వచ్చే రకం కాదు.

అలాగని ప్లాన్ రద్దు చేసుకోనక్కర్లేదు. రెండు విడతలుగా వెళ్లండి. సేచెని ఉన్నది వారోష్‌లిగెట్ అనే పెద్ద పార్కులో. ఎదురుగా రోడ్డు దాటితే జూ (1866 నుంచి ఉంది), దాని పక్కనే సర్కస్, కాస్త నడిస్తే హీరోస్ స్క్వేర్ వెనకాల చలికాలం ఐస్ స్కేటింగ్ మైదానం. స్కేట్లు అక్కడే అద్దెకిస్తారు. మొదటి విడతలో మీరూ నాన్నగారూ పొద్దున తెరవగానే వెళ్లి తొమ్మిదిన్నరకల్లా బయటికి రండి. రెండో విడతలో అత్తాకోడళ్లు వెళ్తారు, మీరూ నాన్నగారూ పాపను జూకి తీసుకెళ్లండి. అన్నట్టు ఆ జూలో నీటిగుర్రాల మడుగుకు కూడా సేచెని నీళ్లే వెళ్తాయి. అమ్మానాన్నలు స్నానం చేసిన ఊటనీళ్లలోనే నీటిగుర్రం మునకలేస్తోందని చెబితే పాప అలక సగం తీరుతుంది.

పాప నీళ్లలో దిగాల్సిందేనంటే మార్గరెట్ దీవిలో పలాటినుస్ ఉంది. ఇదీ నగరపాలక సంస్థ నడిపే స్నానశాలే, పిల్లల్ని రానిస్తారు, చలికాలంలో లోపలి కొలనులతోపాటు బయట వేడినీళ్ల కొలనూ నడుస్తుంది. న్యుగతి రైల్వే స్టేషన్ దగ్గర 26వ నంబరు బస్సెక్కితే దీవి లోపలికే వెళ్తుంది. భవనం అందం మాత్రం సేచెనికి సాటిరాదు. అందుకే నాన్నగారికి సేచెని, పాపకు వేరే పూట పలాటినుస్.

మంచు సంగతి: మూయరు. బయటి కొలనులు ఏడాది పొడవునా నడుస్తాయి. మంచు పడే రోజే చూడాలి దాన్ని.

పైర్లగాలి:
టికెట్ గురించి. మీకు క్యాబిన్.

లాకర్ అంటే ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరుగా ఉండే పెద్ద గదిలో ఒక ఇనుప అర. బట్టలు మార్చుకోవడం అందరి మధ్యా, లేదా మూలనున్న చిన్న అరల్లో ఖాళీ దొరికినప్పుడు. క్యాబిన్ అంటే ఒక మనిషి నిలబడి, కూర్చుని బట్టలు మార్చుకునేంత చెక్క గది. తలుపేసుకోవచ్చు, బట్టలూ సామానూ అందులోనే వదిలి తాళం వేసుకోవచ్చు. ధరలో తేడా కొంచెమే. చలికాలం కోట్లు, స్వెటర్లు, బూట్లు, మఫ్లర్లు, ఇద్దరి సామాను లాకర్‌లో కుక్కడం ఎలాగో మీరే ఊహించుకోండి. ఒక విడతలో ఇద్దరు వెళ్తున్నారు కాబట్టి ఒకరికి క్యాబిన్, ఇంకొకరికి లాకర్ తీసుకుని బట్టలన్నీ క్యాబిన్‌లో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అమ్మగారి వరకు మాత్రం క్యాబినే తీసుకోండి, వాదన పెట్టుకోకండి.

మామూలు రోజుల్లో పొద్దున 7కి, శనాదివారాల్లో 8కి తెరుస్తారు. వారాంతాల్లో, సెలవుల్లో ధర ఎక్కువ, రద్దీ అంతకన్నా ఎక్కువ. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి పెట్టుకోండి. టికెట్ రోజంతా చెల్లుతుంది కానీ ఒకసారి బయటికొస్తే అయిపోయినట్టే, మళ్లీ లోపలికి పంపరు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు నగరానికి చెందిన స్నానశాలల సంస్థ సొంత సైటేనా అని చూసుకోండి. అధికారిక సైటులాగే కనిపించే అమ్మకం సైట్లు చాలా ఉన్నాయి, గైడు పేరుతో, "క్యూ తప్పిస్తాం" పేరుతో అదనం లాగుతాయి. పొద్దున ఏడింటికి వెళ్లేవాళ్లకు తప్పించుకోవడానికి అసలు క్యూనే పెద్దగా ఉండదు. హంగేరీలో యూరోలు కాదు, ఫోరింట్లు. కార్డు గీకినప్పుడు మెషీన్ "యూరోలలో కట్టమంటారా" అని అడుగుతుంది, ఫోరింటే నొక్కండి. యూరో నొక్కితే మారకం రేటు మెషీన్ వాడు వేసుకున్నది పడుతుంది.

లోపలికి వెళ్లేముందు చేతికి గడియారంలాంటి ప్లాస్టిక్ బ్యాండు ఇస్తారు. గేటు దగ్గర అదే టికెట్, క్యాబిన్‌కు అదే తాళంచెవి. బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర వెనక్కి తీసుకుంటారు. పోగొట్టుకుంటే జరిమానా ఉంటుంది, నాన్నగారి చేతికి కాస్త బిగించి కట్టండి. 1913లో కట్టి, 1927లో పెంచిన భవనం అది. పద్దెనిమిది కొలనులు, వాటి మధ్య ఒకేలా కనిపించే నడవాలు. క్యాబిన్ నంబరుతోపాటు అది ఏ అంతస్తు, ఏ మెట్ల పక్కన అన్నదీ గుర్తుపెట్టుకోండి. నంబరు మర్చిపోతే సిబ్బందికి బ్యాండు చూపించండి, చూసి చెప్తారు.

ఇంకోటి. బట్టలు మార్చుకునే గదుల తలుపుల మీద చాలాచోట్ల హంగేరియన్‌లోనే ఉంటుంది. మూడక్షరాల చిన్న మాట ఆడవాళ్లది, ఐదక్షరాల పొడవు మాట మగవాళ్లది. నాన్నగారికి ఇంతే చెప్పండి, చాలు.

నాడి చూసేవాడు:
బీపీ, షుగర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి వివరంగా రాస్తున్నా. ముందుగా వాళ్ల డాక్టర్‌ని అడిగి మాత్రల జాబితా చూపించి ఒప్పుకుంటేనే దిగాలి, ఇది ఆయన మాటకు బదులు కాదు.

బయట అర్ధచంద్రాకారంలో ఉన్న కూర్చునే కొలను నీళ్లు సుమారు 38 డిగ్రీలు. "ఇంట్లో చెంబుతో పోసుకునే వేన్నీళ్లు అంతకన్నా కాలుతాయిగా" అంటారు నాన్నగారు. నిజమే, కానీ చెంబు నీళ్లు ఒంటి మీంచి జారిపోతాయి, వేడీ పోతుంది. మెడదాకా మునిగి కూర్చుంటే ఒంట్లో వేడి బయటికి పోయే దారి ఉండదు. అప్పుడు చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, గుండె వేగం పెరుగుతుంది, బీపీ దిగుతుంది. బీపీ మాత్ర చేసేదీ అదే పని. రెండూ కలిస్తే మరీ దిగుతుంది.

నీళ్లలో ఉన్నంతసేపు ఇది తెలియదు. చుట్టూ నీళ్ల ఒత్తిడి కాళ్లను నొక్కిపట్టి రక్తాన్ని పైకి తోస్తూ ఉంటుంది. లేచి మెట్లెక్కగానే ఆ ఒత్తిడి పోతుంది, రక్తం కాళ్లలోకి జారుతుంది, కళ్లు తిరుగుతాయి. పడిపోయేవాళ్లు ఎక్కువగా పడేది నీళ్లలో కాదు, మెట్ల మీద. తడి రాయి, పైగా చలి.

కాబట్టి ఇలా చేయండి. ఒక దఫాకు 10 నుంచి 15 నిమిషాలు, 20 దాటొద్దు. గుండె భాగం నీటిపైన ఉండేలా మెట్టు మీద కూర్చోబెట్టండి. లేచేముందు నడుం దాకా నీళ్లలో ఒక నిమిషం నిలబడాలి, తర్వాత కమ్మీ పట్టుకుని నెమ్మదిగా ఎక్కాలి, మీరు ఒక మెట్టు కింద ఉండండి. బయటికొచ్చాక లోపలి నడవాలో 15 నిమిషాలు కూర్చుని నీళ్లు తాగి, అప్పుడు రెండో దఫా. మొత్తం మీద రెండు దఫాలు చాలు. నీళ్ల సీసా ప్లాస్టిక్‌దే తీసుకెళ్లండి, గాజు వద్దు.

లోపల ఆవిరిగదులు, సౌనాలు (పొడి వేడి గదులు), వాటి పక్కనే చల్లనీళ్ల తొట్టి ఉంటాయి. సౌనాలోంచి వచ్చి ఐస్‌లాంటి నీళ్లలో దూకడం అక్కడివాళ్లకు సరదా. నాన్నగారికి వద్దే వద్దు. వెడల్పైన నాళాలు ఒక్కసారిగా ముడుచుకుంటాయి, బీపీ ఎగిసిపడుతుంది. ప్రతి కొలను దగ్గరా వేడి ఎంతో బోర్డు ఉంటుంది, అది చూడకుండా ఏ నీళ్లలోనూ కాలు పెట్టనివ్వకండి.

షుగర్ విషయంలో రెండు జాగ్రత్తలు. ఇన్సులిన్ తీసుకుని వేడినీళ్లలో దిగితే చర్మం కింద రక్తప్రసరణ పెరిగి మందు మామూలుకన్నా త్వరగా ఒంట్లో కలుస్తుంది, షుగర్ పడిపోవచ్చు. ఏడింటికి వెళ్లే తొందరలో ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ మానేయడం అన్నిటికన్నా ప్రమాదం. టిఫిన్ తిని, గంటన్నా గడిచాక దిగాలి, దిగేముందు షుగర్ చూసుకోవాలి, గ్లూకోజ్ బిళ్లలో చాక్లెటో మీ సంచిలో ఉండాలి. అంటే మొదటి విడత ఏడింటికి బదులు ఎనిమిదికి పెట్టుకోండి. రెండోది, పాదాల్లో తిమ్మిరి ఉంటే వేడి, గాయం రెండూ తెలియవు. చెప్పులు తప్పనిసరి, సాయంత్రం హోటల్‌కొచ్చాక వేళ్ల మధ్య చూడండి. మానని పుండు ఏదైనా ఉంటే కొలనులో దిగకూడదు.

కనకాంబరం:
అమ్మగారి బట్టల గురించి నేను చెప్తా.

పంజాబీ డ్రెస్ కుదరదు, చీర అసలే కుదరదు. సిగ్గూ ఎగ్గూ సంగతి కాదు, గుడ్డ సంగతి. నూలు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, దాని పోగులు, రంగు నీళ్లలో కలిసి ఫిల్టర్లకు పడతాయి. లోపలి దుస్తులతో దిగనివ్వకపోవడానికీ ఇదే కారణం. ఈతకు కుట్టిన గుడ్డ అయితే కాళ్లూ చేతులూ నిండుగా కప్పేది వేసుకోవచ్చు. మడమల దాకా ప్యాంటు, పొడుగు చేతుల పైభాగం, మీద తొడల దాకా స్కర్టు ఉన్నవి హైదరాబాద్ డెకాథ్లాన్‌లోనే దొరుకుతాయి. అమ్మగారు బయల్దేరేముందు అక్కడే వేసి చూసుకుని తెచ్చుకోవడం మంచిది, యూరప్‌లో ఆవిడ కొలతకు వెతకడం కష్టం. తెచ్చాక ఒకసారి ఇంట్లో తడిపి చూడమనండి. తడిస్తే ఒంటికి ఎలా అతుక్కుంటుందో ముందే తెలిస్తే అక్కడికెళ్లాక వెనక్కి తగ్గరు. పైన తువ్వాలు గుడ్డతో కుట్టిన అంగీ (బాత్‌రోబ్) వేసుకుని నీటి అంచుదాకా వెళ్లొచ్చు, అందరూ అలాగే వెళ్తారు. ఒకసారి మునిగాక ఆ పొగలో ఎవరికీ ఎవరూ కనిపించరు.

పొగ అంటే ఊరికే అనడం లేదు. బయట సున్నా డిగ్రీలు ఉంటే నీటి మీద ఆవిరి ఎంత దట్టంగా లేస్తుందంటే నాలుగడుగుల్లో ఉన్న మనిషి కూడా మసకే. అమ్మా కోడలూ విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి, "ఫలానా విగ్రహం దగ్గరి మెట్లు" అని.

తలకు నూనె పెట్టుకుని వెళ్లొద్దు. ముందురోజు తలంటుకోండి. కొలనులో దిగేముందు సబ్బుతో షవర్ చేయడం నియమం. మధ్యలో ఉన్న 50 మీటర్ల ఈతకొలనుకు టోపీ ఉండాలి, లేకపోతే విజిల్ వేసి బయటికి పంపిస్తారు. పక్కనున్న రెండు వేడి కొలనులకు టోపీ అక్కర్లేదు, అయినా పొడుగు జుట్టు పైకి ముడేసి క్లిప్ పెట్టుకోండి, తడి జుట్టుతో చలిలో నడిస్తే గడ్డకట్టి పుల్లలైపోతుంది.

వెండి మాట ఎవరూ ఎత్తరు, అందుకే చెప్తున్నా. మెట్టెలు, పట్టీలు, నాన్నగారి మొలతాడు వెండిదైతే అదీ, గంధకం ఉన్న వేడినీళ్లకు నల్లబడతాయి. పాడవ్వవు, పైన పొర కడుతుంది, తర్వాత మెరుగు పెట్టించొచ్చు. ఆ గొడవ వద్దనుకుంటే హోటల్లో తీసిపెట్టండి. మెట్టెలు తీయడం పట్టింపు ఉంటే తీయక్కర్లేదు, నల్లబడ్డప్పుడు కంగారు పడకుండా ఉంటే చాలు. బంగారానికి ఏమీ కాదు. పసుపుతాడు మాత్రం తడిసి రంగు వదులుతుంది, ఆ రెండు రోజులకు గొలుసు వేసుకోమనండి.

మానేరు:
పాప నియమం అస్సలు తెలీదు, ఐదు టికెట్లు కార్ట్‌లో వేసి ఉంచా, బతికించారు. బుధవారం పొద్దున ఎనిమిదికి నేనూ నాన్న, పదిన్నరకు అమ్మా మా ఆవిడా అని ఖాయం చేసుకున్నా. ఇంకో మూడు చిన్న ప్రశ్నలు. తువ్వాళ్లు అక్కడ ఇస్తారా? క్యాబిన్ నుంచి బయటి కొలనుకు చలిలో ఎంత నడవాలి? కొందరు గెల్లేర్ట్ అనే స్నానశాల ఇంకా బాగుంటుందంటున్నారు, రుదాష్ అని మరొకటి చెప్తున్నారు, వాటి సంగతేంటి?

పైర్లగాలి:
తువ్వాళ్లు టికెట్‌లో కలిసి రావు. మనిషికి రెండు పట్టుకెళ్లండి, ఒకటి కొలను దగ్గరికి, ఒకటి పొడిగా క్యాబిన్‌లో. కొలను పక్కన కొక్కేనికి తగిలించిన తువ్వాలు సున్నా కింద చలిలో అరగంటకు అట్టలా బిగుసుకుంటుంది. అందుకని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోండి. చెప్పులు రబ్బరువి, అడుగున గాట్లున్నవి. ఇంట్లో వేసుకునే నున్నటి స్లిప్పర్లు తడి రాయి మీద జారతాయి.

నడక కొద్దిసేపే, తలుపు దగ్గర్నుంచి ఇరవై ముప్పై అడుగులు. కానీ ముందు వెళ్లేటప్పటికన్నా తడిసి వెనక్కి వచ్చేటప్పుడు ఎక్కువ చలి. తువ్వాలు అంగీ ఉంటే దాని విలువ అప్పుడు తెలుస్తుంది. నాన్నగారిని తొందరపెట్టకండి, చలికి పరుగెత్తే అలవాటుతోనే జారిపడతారు.

బందరురోడ్డు:
గెల్లేర్ట్ 2025 అక్టోబర్ 1 నుంచి మరమ్మతులకు మూసేశారు, 2028లో తెరవాలన్నది ప్లాన్. పాత జాబితాలు చూసి అటు పోకండి. రుదాష్ తుర్కుల కాలం, 16వ శతాబ్దం నాటిది. గుమ్మటం కింద ఎనిమిది పలకల కొలను, గుమ్మటంలోని చిన్న రంధ్రాల్లోంచి వెలుగు చారలుగా పడుతుంది. ఆ తుర్కీ భాగంలో మంగళవారం ఆడవాళ్లకే. కొన్ని రోజులు మగవాళ్లకే, వారాంతంలో అందరికీ, కాబట్టి వెళ్లేముందు రోజు చూసుకోవాలి. అమ్మగారికి మంగళవారం నచ్చొచ్చు, కానీ ఆడవాళ్ల రోజున చాలామంది బట్టల్లేకుండానే తిరుగుతారు, ముందే చెప్పి తీసుకెళ్లండి. అక్కడా 14 ఏళ్ల నియమమే.

వెళ్లే దారి: వొరొష్మార్తి చౌక్ నుంచి ఎం1 అనే పసుపు లైను. 1896లో మొదలైన భూగర్భ రైలు అది, చిన్న డబ్బాలు, రోడ్డు కింద కొన్ని మెట్ల లోతులోనే ఉంటుంది. మధ్య స్టేషన్లలో ఎక్కేటప్పుడు జాగ్రత్త, రోడ్డుకు ఒక్కో పక్క ఒక్కో దిశ ప్లాట్‌ఫారం. తప్పు పక్క దిగితే మళ్లీ మెట్లెక్కి రోడ్డు దాటాలి. మీరు "మెక్సికోయ్" వైపు వెళ్లే బండి ఎక్కాలి. దిగాల్సిన స్టేషన్ పేరే సేచెని. కాగితం టికెట్ అయితే దిగే ముందు కాదు, ఎక్కే ముందే మెషీన్‌లో పంచ్ చేయాలి. తనిఖీవాళ్లు పర్యాటకుడని వదలరు.

మానేరు:
చివరిదొకటి. బయటికొచ్చాక ఆకలేస్తే? అమ్మ శాకాహారి.

కనకాంబరం:
లాంగోష్ తినిపించండి. ఈస్టు వేసి పులిపిన మైదాపిండిని పెద్ద భటూరాలా వత్తి నూనెలో వేయించి, పైన వెల్లుల్లి నీళ్లు, పుల్లటి మీగడ, తురిమిన చీజ్ వేస్తారు. కొన్నిచోట్ల పందికొవ్వులో వేయిస్తారు, కొనేముందు ఏ నూనె అని అడగండి. నాన్నగారికి సగం చాలు, మైదా.